పీపా అంటే ఏంటన్నయ్యా?

"ఇప్పుడు గడియ తియ్యకపోతే తలుపు బద్దలు కొట్టేస్తాను, చెప్తున్నా!" అన్నాడు అన్నయ్య.

"కొట్టండి. తలుపుతోపాటు లోపలి అద్దం కూడా పగులుతుంది. మీ కడుపు చల్లగా ఉంటుంది," అంది వదిన.

అన్నయ్య ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే దించుకున్నాడు.

"పిట్టా! నా బంగారు కొండా! ఒక్కసారి తలుపు తియ్యవే. నానమ్మనే. మీ నాన్న ఇక్కడ లేడు," అంది అమ్మ, పక్కనే నిలబడ్డ కొడుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టి.

ట్రయల్ రూము లోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పిల్ల స్కూలు నుంచి వచ్చి అందులో దూరిన దూరడం, మళ్ళీ బయటికి రాలేదు. సంచీ కటింగ్ బల్ల కింద పడేసింది. బూట్లు కూడా విప్పలేదు. పనివాళ్ళను వదిన పెందలాడే పంపేసింది, షట్టరు కిందికి లాగేసింది. ఎప్పుడూ కుట్టు మెషీన్ల మోతతో మాట వినపడని షాపులో ఇప్పుడు సూది పడితే వినపడేటట్టుంది. నిజానికి అక్కడ సూదులకు కొదవేమీ లేదు.

షాపు కింద, ఇల్లు పైన. మధ్య మెట్ల మీద మెడలో టేపుతో కూర్చుని ఉంది పీపా. ఆవిడ అన్నయ్యకు చెల్లెలు, లోపల గడియ పెట్టుకున్న పిల్లకు మేనత్త, షాపుకు కటింగ్ మాస్టరు. అసలు పేరు ఒకటుంది గానీ అది బళ్ళో హాజరు పిలిచిన రోజులతోనే సరి. అమ్మా, అన్నయ్యా, కాపరానికొచ్చిన కొత్తల్లో మొహమాటపడినా తర్వాత అలవాటుపడిపోయిన వదినా, బట్టలు కుట్టించుకునేవాళ్ళూ, అందరికీ ఆవిడ పీపాయే. ఆవిడ ఒళ్ళు పెద్దది. నడిస్తే మెట్లకు తెలుస్తుంది. కూర్చుంటే కుర్చీ నిండుతుంది. దానికి ఆవిడ ఎన్నడూ తల వంచుకున్నది లేదు. "మీ నాన్న ముద్దుగా పెట్టారటగా ఆ పేరు," అని ఎవరన్నా అడిగితే, "అవునండీ, మా నాన్న ఇచ్చిన ఆస్తి ఇదొక్కటే," అని గట్టిగా నవ్వేది.

ఆ ఇంట్లో ఏ తగువు వచ్చినా ముందు నోరు విప్పేది పీపా. ఇవాళ మాత్రం కుక్కిన పేనులా కూర్చుంది. ఎందుకంటే పొద్దున ఆ మాట వచ్చింది ఆవిడ నోట్లోంచే.

"ఇంతకీ నేనేం చేశాను?" అన్నాడు అన్నయ్య, ఎవరూ అడక్కుండానే. "అది చెప్పింది, నేను రాసుకున్నాను. అంతేగా!"

"రాసుకుని ఊరుకున్నారా? 'అచ్చం మేనత్త పోలిక' అని పళ్ళికిలించారట కదా! డ్రామా టీచరే ఫోన్ చేసి చెప్పారు," అంది వదిన. "కెప్టెన్ టోపీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, నాటకంలో వెయ్యనని చెప్పి వచ్చేసిందట. శనివారం నాటకం. వెనక వరసదాకా వినపడే గొంతు దీనికొక్కదానికే ఉందని ఏరికోరి ఇచ్చారా వేషం. ఇంట్లో ఓడలు నడుపుతూ ఎంత సంబరపడిందో మీకేం తెలుసు!"

"తమాషాకి అన్న మాట అది. గోరంతలు కొండంతలు చెయ్యకు."

"తమాషా మీది. ఏడుపు నా పిల్లది."

"నా పిల్ల కాదా?"

"ఇప్పుడు గుర్తొచ్చిందా?"

అమ్మ ఇద్దరి మధ్యకూ వచ్చింది. "ఆపండర్రా! లోపల పిల్లుంది. అయినా పీపా అంటే ఏమైపోతుందే కోడలా? ఇదిగో, దీన్ని అనలేదూ? చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాం. దీనికేమైంది? గుండ్రాయిలా ఉంది!"

మెట్ల మీది గుండ్రాయి మెల్లగా లేచింది.

"పొద్దున అన్నది నేను," అంది పీపా. "అన్నయ్య తర్వాత. ముందు నేను."

వదిన మొహం పక్కకు తిప్పుకుంది. తిట్టినా బాగుండేది అనిపించింది పీపాకు.

పొద్దున ఏం జరిగిందంటే, నాటకంలో వేసే పిల్లలందరికీ దుస్తులు కుట్టే పని వీళ్ళ షాపుకే వచ్చింది. స్కూలు హాల్లో పిల్లలు వరసగా నిలబడ్డారు. పీపా టేపు వేసి చెప్తుంటే అన్నయ్య రాసుకుంటున్నాడు. వీళ్ళ షాపులో నలుగురి ముందూ అంకెలు అరిచే అలవాటు లేదు. షాపు పెట్టిన నాన్న ఆ విషయంలో మహా పట్టుదల మనిషి. కొలత మనిషి గుట్టు, దాన్ని అంగట్లో పెట్టకూడదు అనేవాడు. అంకెలకు బదులు మూడు మాటలు పెట్టాడు. పుల్ల అంటే గుడ్డ మీద చిన్న అట్ట నమూనా పెట్టి కత్తిరించేది. సరి అంటే మామూలు అట్ట. పీపా అంటే ఏ అట్టా చాలదు, ఆ మనిషికి విడిగా గీసి కత్తిరించాలి. పెద్దాయన గుట్టు దాచడానికే పెట్టాడు పాపం. ఏళ్ళ తరబడి మేడ మీదికీ కిందికీ కేకలేస్తుంటే గుట్టు ఎక్కడ నిలుస్తుంది?

"సరి. సరి. పుల్ల. సరి," అంటూ పోతోంది పీపా చెయ్యి. పిల్లలకు మూడో మాటకే సంగతి అర్థమైపోయి కిసుక్కుమంటున్నారు. పిట్టకు ముందు నిలబడింది ఒక పొడుగు జడ పిల్ల. "పుల్ల!" అనగానే ఆ పిల్ల మెడ వంచేసుకుంది. ఆ వెంటనే పిట్ట వంతు. పీపా చెయ్యి ఛాతీ చుట్టూ తిరిగి వచ్చింది. ఎదురుగా ఉన్నది తన మేనకోడలని కన్ను చూసింది గానీ నోరు చూడలేదు.

"పీపా!"

ముందుగా నవ్వింది ఆ పొడుగు జడే. తర్వాత ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఈ మాట పీపా ఎంతమందికి చెప్పిందో!

"ఎవరన్నా ఏముందిలే," అన్నాడు అన్నయ్య, చెల్లెలు తప్పు తలకెత్తుకునేసరికి కాస్త తేలికపడి. "మన షాపు మాట. దానికి అర్థం పర్థం ఉందా?"

"ఉందా లేదా? అదే అడుగుతున్నా. పీపా అంటే ఏంటన్నయ్యా?"

"పీపా అంటే పీపా. నూనె పీపా, నీళ్ళ పీపా."

"ఇంట్లో నూనె పోస్తున్నావా నాలో?"

"అబ్బ! అదొక... ముద్దు మాట."

"ముద్దు మాటైతే వదినని ఎప్పుడూ అనలేదేం?"

"ఆవిడ సన్నంగానే ఉంటుందిగా!"

"అంటే సన్నగా ఉన్నవాళ్ళ మీద ముద్దుండదన్నమాట."

వదినకు ఇంత కోపంలోనూ పెదవి చివర కదిలింది. పీపా మెడలోంచి టేపు తీసింది.

"ఇలా రా. చేతులెత్తు."

"ఎందుకు?"

"షాపుకొచ్చినవాళ్ళు ఎందుకని అడుగుతారా? ఎత్తు."

వద్దనడానికి కారణం తోచక అన్నయ్య చేతులెత్తాడు. ఎత్తుతూనే పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"ఊపిరి వదులు."

"వదిలే ఉన్నాను."

"ఎక్కడ వదిలారు? మొహం కందగడ్డ అయిపోతోంది," అంది వదిన.

ఊపిరి వదలక తప్పలేదు. పొట్ట తన చోటికి తను వచ్చింది. పీపా టేపు చుట్టి, వేలితో పట్టి, అంకె చూసింది. ఆ పొట్ట పెళ్ళినాటిది కాదు. నాన్న గీసి పెట్టిన ఏ అట్టా దానికి చాలదని ఆ గదిలో అందరికీ తెలుసు.

పీపా తలెత్తింది. నోరు విప్పలేదు.

ఆ షాపులో టేపు తిరిగిందంటే మాట పడాల్సిందే. అన్నయ్య ఆ మాట కోసం ఎదురుచూశాడు. భార్య వంక చూశాడు, తల్లి వంక చూశాడు, చివరికి ట్రయల్ రూము తలుపు వంక చూశాడు. చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"చెప్పకు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏం చెప్పకూడదు?"

"అదే."

"అదే అంటే?"

"పిల్ల వింటుందే!"

పీపా టేపు లాగి చేతికి చుట్టుకుంది. "ఇందాక అర్థం లేదన్నావుగా? ఇప్పుడు తెలిసిందిగా!"

అన్నయ్య చేతులు దించాడు. అతనికి నిజంగానే సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు ఊరుకునే మనిషైతే గొడవే ఉండేది కాదు.

"మరి నీకెప్పుడూ బాధ కలగలేదుగా!" అన్నాడు ఉక్రోషంగా. "నువ్వే చెప్పుకుంటావుగా, నాన్న పెట్టిన పేరని! ముద్దుగా పెట్టాడని! నువ్వు నవ్వుతుంటేనే కదా మేం అన్నది!"

"మీ నాన్న పెట్టలేదురా," అంది అమ్మ.

ముగ్గురూ ఆవిడ వంక తిరిగారు. అమ్మ బటన్ల డబ్బా పక్కనున్న స్టూలు మీద కూర్చుని, చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఆయన జన్మలో దీన్ని ఆ మాట అనలేదు. గుడ్డకే అనేవారు. దీనికి గౌను కుట్టేటప్పుడు, గుడ్డ మీద సుద్దతో గీస్తూ, 'ఇది పీపా, విడిగా తియ్యాలి' అని మేడ మీదికి కేకేశారు. అది విన్నావు నువ్వు. ఇక చూస్కో, ఆ రోజంతా దీని వెనకాలే తిరిగావు, పీపా పీపా అంటూ."

"నేనా?" అన్నాడు అన్నయ్య.

"నువ్వే. ఇది పోయి ఆ గదిలోనే గడియ పెట్టుకుంది."

అమ్మ వేలు ట్రయల్ రూము వైపు చూపించింది. పీపా ఆ వేలు వంకే చూస్తూ ఉండిపోయింది.

"నాకు గుర్తులేదే!" అంది పీపా.

"పదేళ్ళదానివి. మాపటిదాకా ఏడ్చావు. మీ నాన్న తలుపు దగ్గర కూర్చుని బతిమాలితే వచ్చావు. ఆ తర్వాత నేనే ఇంట్లో అందరికీ చెప్పాను, దాన్ని అలాగే పిలవండీ అని. పేరైపోతే ఇక తిట్టుగా ఉండదుగా అనుకున్నా. వాడగా వాడగా కత్తెర మొద్దుబారదూ? అలా మొద్దుబారుతుందనుకున్నా. నాన్న పెట్టాడని నేనే చెప్పాను నీకు. ఆయన మంచివాడు, అడిగినా కాదనలేదు."

ఇన్నేళ్ళూ తన కథ అని నలుగురికీ చెప్పుకున్నది తన కథ కాదని తెలిస్తే మనిషికి ఎలా ఉంటుంది? పీపాకు ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఏడుపు మాత్రం రాలేదు. ఆ ఏడుపేదో పదేళ్ళప్పుడే అయిపోయినట్టుంది.

"నా విషయంలో మొద్దుబారిన మాట నిజమేనమ్మా," అంది చివరికి. "నిన్నేం అనను. నన్ను కాపాడుకుందామనే చేశావు. కానీ చూడు, పిల్ల దగ్గరికొచ్చేసరికి కొత్త కత్తెరలా కోసింది."

అమ్మ చెంగు వేలికి బిగుసుకుపోయింది, విప్పడం ఆవిడకు చేతకాలేదు.

"అత్తా!"

తలుపు అవతలి నుంచి వచ్చింది గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయినా, ఆ గొంతుకు గోడ ఒక లెక్క కాదు.

వదిన ఒక్క అంగలో తలుపు దగ్గరికి పోబోయింది. పీపా చేత్తో ఆపింది. తనే స్టూలు లాక్కుని తలుపుకు భుజం ఆనించి కూర్చుంది.

"ఉన్నానే పిట్టా."

"నువ్వు కూడా ఇందులో గడియ పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానట. ఇప్పుడే తెలిసింది."

లోపల బూట్లు నేలకు రాసుకున్న చప్పుడైంది. తర్వాత, "వాళ్ళెవరన్నా అంటే నేను పట్టించుకోను. నువ్వెందుకన్నావు?" అంది పిట్ట.

ఇదే ప్రశ్న వస్తుందని పీపా మెట్ల మీద కూర్చున్నప్పటి నుంచీ ఎదురుచూస్తోంది. అలవాటు అని చెప్పొచ్చు, హడావిడి అని చెప్పొచ్చు, నాన్న మీదికి నెట్టొచ్చు. అవేవీ చెప్పబుద్ధి కాలేదు.

"నిన్ను చూడకుండా అన్నాను. కొలతొక్కటే చూశాను. తప్పు నాదే. నన్ను తిట్టాలనుంటే తిట్టు, వింటాను."

"తిట్టను." ముక్కు చీదిన చప్పుడు. "నేను లావుగానే ఉన్నాను అత్తా. నాకు తెలుసు. నీలాగే ఉన్నాను. నాకది బాగానే ఉంటుంది. కోటు వేసుకుంటే నిజం కెప్టెన్‌లా ఉంటానని టీచరే అంది. కానీ అందరూ కలిసి ఆ మాట అంటే, నేను ఇంకేమీ కాదు, అదొక్కటే అయిపోయినట్టు అనిపించింది."

వదిన గోడకు ఆనుకుపోయింది. అన్నయ్య కటింగ్ బల్ల మీది సుద్ద ముక్కను అటూ ఇటూ జరుపుతున్నాడు, దానివల్లే ఏదో తెమలాల్సినట్టు.

"మళ్ళీ అననే," అంది పీపా. "నేనే కాదు, ఈ షాపులో ఆ మూడు మాటలూ ఇవాళ్టితో సరి. అంకె చూసి, నోరు మూసుకుని రాసుకుంటాం. మీ నాన్నకి నేను చెప్తాను. ఆయన వింటాడు, ఇందాకే విన్నాడు."

"అది చాలదు."

"ఇంకేం కావాలి?"

"నువ్వు కూడా ఆ పేరు మానేయ్."

పీపా భుజం తలుపు మీంచి లేచింది.

"నేనా? నాకది పేరే పిట్టా. నన్నది ఏమీ చెయ్యదు."

"నిన్ను చెయ్యదు. నన్ను చేస్తుంది. వాళ్ళేమన్నారో తెలుసా? 'మీ అత్తని పీపా అంటే పలుకుతుందిగా, నీకెందుకంత కోపం' అన్నారు. నేనేం చెప్పాలి?"

పన్నెండేళ్ళ పిల్ల అడిగిన మాటను పీపా తిప్పి తిప్పి చూసుకుంది. షాపుకొచ్చే పెద్ద ఒళ్ళున్న ఆడవాళ్ళందరూ ఆ పేరు చెప్పుకునే వస్తారు. "పీపాగారు కత్తిరిస్తే గానీ నాకు సరిపోదు," అంటారు. ఆ పేరు మీద కూర్చునే ఇంత ధీమాగా బతికింది. దాన్ని తీసి పక్కన పెడితే కింద ఏముంటుందో ఒక్కసారి తడిమి చూసుకుంది. ఒళ్ళు ఉంది. చెయ్యి ఉంది. చేతిలో పని ఉంది. గొంతు కూడా ఎక్కడికీ పోలేదు. ఇంతోటిదానికి ఇంత ఆలోచనెందుకు అనుకుంది.

"సరే. మానేశాను."

"ఒట్టు?"

"ఒట్టు. ఇకనుంచి ఆ పేరుతో ఎవరు పిలిచినా పలకను."

"మరి నిన్నేమని పిలవాలే?" అన్నాడు అన్నయ్య, నిజంగా కంగారుపడుతూ.

"నాకు అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటుంది. మెల్లగా గుర్తు తెచ్చుకో, తొందరేం లేదు."

అన్నయ్య నోరు తెరిచాడు. చెల్లెలి అసలు పేరు నాలుక మీదికి రాలేదు. అమ్మ వంక చూశాడు. అమ్మ చెంగులో మొహం దాచుకుంది.

సరిగ్గా అప్పుడే షట్టరు మీద టకటకమని కొట్టారు.

"పీపాగారూ! ఉన్నారా? నేనండీ, డ్రామా టీచర్ని!"

ఏళ్ళ అలవాటు అత్త గొంతులోకి "ఆ, వస్తున్నా" అని తన్నుకొచ్చింది. పళ్ళు బిగించి మింగింది.

"పీపాగారూ! కెప్టెన్ వేషానికి వేరే పిల్లని తీసుకొచ్చానండీ. మీ పిల్ల వెయ్యనంది కదా, ఇక టైము లేదు. కోటుకి మళ్ళీ ఒక్కసారి కొలతలు తీసుకుంటారేమోనని!"

వదిన రెండు చేతులతో నోరు నొక్కుకుంది. ట్రయల్ రూములో ఏదో కదిలిన అలికిడైంది.

అత్త షట్టరు దగ్గరికి నడిచింది. ఆవిడ నడిస్తే మెట్లకు తెలుస్తుందని చెప్పాంగా, అవతల నిలబడ్డవాళ్ళకూ తెలిసే ఉంటుంది.

"ఆ పేరుగలవాళ్ళు ఈ షాపులో ఎవరూ లేరు టీచరుగారూ," అంది ఇవతలి నుంచే, స్పష్టంగా. "కటింగ్ మాస్టరు కావాలంటే నేనున్నాను."

బయట టీచరు గొంతు తడబడింది. "అయ్యో, మీరేగా... అంటే... ఏమైందండీ?"

ఆ తడబాటు మధ్యలో ఇంకో గొంతు, పీలగా, టీచరుకు మాత్రమే చెప్తున్నట్టు వినపడింది. "టీచర్... పొద్దున్నలాగా గట్టిగా చెప్పొద్దనండి. నన్ను మళ్ళీ పుల్ల అంటారు."

అత్తకు అది ఎవరి గొంతో తట్టింది. హాల్లో అందరికంటే ముందు నవ్విన పొడుగు జడ.

ఆ గొంతు ట్రయల్ రూములోకీ వెళ్ళింది. వెనక గడియ తీసిన చప్పుడైంది.

పిట్ట బయటికొచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తల్లి చాచిన చేతుల పక్క నుంచి, తండ్రి ముందు నుంచి నడుచుకుంటూ తిన్నగా అత్త దగ్గరికి వచ్చి, ఆవిడ చేతిలోని టేపు తీసుకుని తన మెడలో వేసుకుంది.

"షట్టరెత్తు నాన్నా. కొలత నేను తీస్తాను."

"నీకెందుకే తల్లీ, అత్త తీస్తుందిగా," అంది వదిన.

"నేనే తీస్తా."

అన్నయ్య చెల్లెలి వంక చూశాడు. 'కొలత చూసి ఏమంటావే' అని అత్త అడుగుదామనుకుంది. అడగలేదు. ఆ పిల్లకు టేపు పట్టడం నేర్పింది తనే. చెయ్యి చూసింది నోరు చెప్పాలి అని, ఆ పాఠమూ తనే నేర్పింది.

షట్టరు పైకి లేచింది. ముందు రెండు బూట్లు కనపడ్డాయి, తర్వాత జడ కొస, తర్వాత బిగుసుకుపోయిన ఒక చిన్న మొహం. ఎదురుగా ఎవరున్నారో చూసి పొడుగు జడ ఒక అడుగు వెనక్కి వేసింది. టీచరు ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది.

"చేతులెత్తు," అంది పిట్ట.

ఆ పిల్ల చేతులెత్తింది. పిట్ట టేపు చుట్టింది, వేలితో పట్టుకుంది, వంగి అంకె చూసింది. పొడుగు జడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

పిట్ట నిటారుగా నిలబడి, వెనక వరసదాకా వినపడే ఆ గొంతు ఉన్న నోరు తెరిచింది.